బరువైన రాయి బేగి ఊగుతాదా?

విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే మిత్రుడొకాయన ఎనిమిదో తరగతి పిల్లలకు దారాలు, రాళ్లు ఇచ్చి, "లోలకం ఊగే వేగం దేన్నిబట్టి మారుతుందో మీరే కనిపెట్టండి" అన్నాడు. ఆ పూట వెనక బెంచీలో నేనూ ఉన్నాను. ఒక గుంపు ముందు చిన్న రాయి కట్టింది. పది ఊపులకు 20 సెకన్లు పట్టింది. తర్వాత పెద్ద రాయి కట్టారు, 18 సెకన్లు. "బరువైన రాయైతే బేగి ఊగుతాది సార్!" అని ఒకడు తేల్చేశాడు.

వాడి కొలతలో తప్పు లేదు. పెద్ద రాయికి చుట్లు ఎక్కువ పట్టి దారం జానెడు పొట్టిదైంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, అంతే. కొద్దికొద్దిగా ఊగే లోలకానికి బరువుతో పనిలేదు, పొడవే లెక్క. పిల్లలు పీరియడంతా కష్టపడి, సాక్ష్యాధారాలతో సహా, ఒక అబద్ధాన్ని కనిపెట్టారు.

బి.ఎడ్. చదివినవాళ్లకు, పిల్లలే సొంతంగా కనిపెట్టి నేర్చుకునే ఈ అన్వేషణ పద్ధతి కొత్తేమీ కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1961లో దీన్ని గట్టిగా సమర్థించాడు. తనంతట తాను కనిపెట్టుకున్నది పిల్లవాడికి బాగా గుర్తుంటుందనీ, బయటి మెప్పు కోసం కాక నేర్చుకోవడంలోని ఆనందం కోసమే నేర్చుకుంటాడనీ ఆయన వాదన. వినడానికి బాగుంటుంది. నేనూ చాలాకాలం నమ్మాను.

2004లో డేవిడ్ క్లార్, మిలెనా నిగమ్ అనే పరిశోధకులు 3, 4 తరగతుల పిల్లలు 112 మందితో ఒక ప్రయోగం చేశారు. వాలు బల్లలు, బంతులు ఇచ్చారు. వాలు, బల్ల నునుపు, బంతి రకం, దొర్లే దూరం వంటివాటిలో ఒక్కటే మార్చి మిగతావి కదపకుండా పరీక్షించడం పిల్లలు నేర్చుకోవాలి. మన దారం, రాయి గొడవే ఇదీ. సగం మందికి సరైన ప్రయోగం ఏదో, కానిది ఏదో చూపించి, ఎందుకో వివరించారు. మిగతా సగాన్ని సొంతంగా చేసుకోమని వదిలేశారు. చెప్పించుకున్నవాళ్లలో 77 శాతం మందికి కిటుకు పట్టుబడింది, వదిలేసినవాళ్లలో 23 శాతానికే. నన్ను ఆపింది ఆ తర్వాతి సంగతి. కొన్నాళ్లకు వేరే పిల్లల సైన్స్ ప్రాజెక్టుల్లో లోపాలు పట్టమంటే, సొంతంగా కనిపెట్టినవాళ్లకూ చెప్పగా నేర్చుకున్నవాళ్లకూ తేడా కనబడలేదు. బ్రూనర్ చెప్పిన ఆ అదనపు బలం అక్కడ కనిపించనే లేదు.

కారణం మన బుర్రలోనే ఉంది. అప్పటికప్పుడు పట్టి ఉంచుకునే జ్ఞాపకం చాలా ఇరుకు. ఒకేసారి నాలుగు కొత్త విషయాలకు మించి అందులో ఇమడవని మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో లెక్కగట్టాడు. ఆ కుర్రాడు ఊపులు లెక్కపెట్టాలి, గడియారం చూడాలి, రాయి జారకుండా పట్టుకోవాలి, ఇందాకటి అంకె గుర్తుంచుకోవాలి. ఇక దారం పొడవు గురించి ఆలోచించే చోటెక్కడిది? ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ బృందం 1985లో చూపింది ఇలాంటిదే. ఆల్జీబ్రా కొత్తగా నేర్చేవాళ్లకు చేసి చూపిన లెక్కలు, సొంతంగా చేయమన్న లెక్కలకన్నా ఎక్కువ మేలు చేశాయి.

ఇది చదివి, బోర్డు మీద జవాబులు రాసి కాపీ చేయించేవాళ్లు సంబరపడనక్కర్లేదు. దాన్ని బోధన అనరు. చిన్న ముక్క చూపించి, వెంటనే చేయించి, తప్పును అక్కడికక్కడే దిద్ది, ఆ తర్వాత చెయ్యి వదలాలి. ఎలాగో చూడాలంటే సంగీతం పాఠానికి వెళ్లాలి. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. సంగీతం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లను ఎవరూ రాగం కనిపెట్టమనరు. గురువు పాడితే తిరిగి పాడాలి. సరళీ వరుసలు, జంటలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కీర్తనలు. ఇవన్నీ ఏళ్ల తరబడి నేర్చాకే అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన, అప్పుడే సొంత దారి. అదే కళాశాలకు 26 ఏళ్ల వయసులో ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరబోతే, వయొలిన్ విని నేరుగా అధ్యాపకుడిగా తీసుకున్నారని చెబుతారు. ఆయన్ని సరిగమల దగ్గర కూర్చోబెడితే అది శిక్షే అయ్యేది. విద్య ముందే వచ్చినవాడికి వివరణ అడ్డమవుతుందని పరిశోధకులూ గమనించారు.

పైగా ముందు తడబడటం పూర్తిగా వృథా కాదు. సింగపూర్‌లో మను కపూర్ అనే పరిశోధకుడు పిల్లలకు ముందు కఠినమైన లెక్క ఇచ్చి, వాళ్లు రకరకాలుగా ప్రయత్నించి ఓడిపోయాక పాఠం చెప్పించాడు. ముందే పాఠం విన్నవాళ్లకంటే వీళ్లకు ఎక్కువ అర్థమైంది. అయితే తర్వాత పాఠం ఉంది, అది మరిచిపోకూడదు.

మిత్రుడు మర్నాడు అదే పని చేశాడు. మేకు నుంచి రాయి మధ్యవరకు కొలిచి, రెండు రాళ్లకూ సరిగ్గా మీటరు దారం ఉండేలా కట్టి, ఒకేసారి వదిలాడు. పెద్దదీ చిన్నదీ జంటగా ఊగుతుంటే క్లాసు నోరు మెదపలేదు. నిన్న ఏమైందో అప్పుడు చెప్పాడు. తర్వాత దారం సగం చేస్తే పది ఊపులకు ఎన్ని సెకన్లు పడతాయని అడిగాడు. "పది!" అని అందరూ అరిచారు. కొలిస్తే 14. ఎందుకో చెప్పకుండా బెల్లు కొట్టగానే వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఒక అమ్మాయి, చేతిలో ముక్కలు కోసిన దారం. "పావు మీటరు చేత్తే పది వచ్చింది సార్."