తాత పేరు గూగుల్‌లో కొడితే వంశం దొరుకుతుందా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఉంటూ వంశవృక్షాలు తయారుచేసే పని నాది. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది "గూగుల్‌లో కొట్టి చూశాం సార్, ఏమీ రాలేదు" అంటారు. ఏం కొట్టారంటే, తాత పేరు. చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: పూర్తి పేరు తెలిస్తే చాలు.

వాస్తవం: పేరు ఆఖరున వెతకాలి. ముందు ఊరు, తాలూకా, కాలం తేల్చుకోవాలి. మన పాత ఇంగ్లిష్ కాగితాల్లో ఇంటిపేరు చాలాసార్లు ఒక్క పొడి అక్షరమే. రెడ్డికి చివర వై బదులు ఐ, రావుకు 'ఆర్ ఓ డబ్ల్యూ' కనిపిస్తాయి. తెలుగులో వెతికినా తిప్పలే. పాత పుస్తకాల్లో 'వేంకటగిరి' అని దీర్ఘం ఉంటుంది, మనం 'వెంకటగిరి' అని కొడతాం. అందుకే ఊరిపేరును ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాన్నీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన తాలూకా పేరు చేర్చి వెతకండి. ఆత్మకూరు మనకే కాదు, కర్నూలు వైపూ ఉంది, గుంటూరు వైపూ ఉంది. వద్దనుకున్న జిల్లా పేరు ముందు మైనస్ గుర్తు పెట్టండి, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

అపోహ: మాది ప్రకాశం జిల్లా, కాబట్టి ప్రకాశం జిల్లా రికార్డులే చూడాలి.

వాస్తవం: 1970కి ముందు ఆ జిల్లానే లేదు. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వాళ్ల ముత్తాతలు నెల్లూరు జిల్లా కాగితాల్లో ఉంటారు. మార్కాపురం, గిద్దలూరు అయితే కర్నూలు. ఒంగోలు సంగతి ఇంకా తమాషా: 1904 దాకా నెల్లూరు, ఆ తర్వాత గుంటూరు. 2022లో మళ్లీ మార్చారు, చీరాల, అద్దంకి బాపట్లకు, గూడూరు తిరుపతికి వెళ్లాయి. తాత పుట్టిన ఏడాదికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో తెలియకుండా వెతికితే టైమ్ వేస్ట్.

అపోహ: అమెరికాలో జనాభా లెక్కలు ఆన్‌లైన్‌లో చూస్తున్నారు, మనవీ ఎక్కడో ఉంటాయి.

వాస్తవం: వాళ్లు 72 ఏళ్లు నిండాక ఇంటింటి పేర్లు బయటపెడతారు. 1950 నాటివి 2022లో వచ్చాయి. మన దగ్గర జనానికి అందేవి ఊరివారీ అంకెలే, పేర్లు కావు. వీటి మీద ఆశ వదులుకోండి.

అపోహ: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్ 'మీభూమి'లో అంతా ఉంది.

వాస్తవం: అక్కడ ఉండేది ఇప్పటి లెక్క. ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, అంటే ఈసీ కూడా ఆన్‌లైన్‌లో 1983 నుంచే. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. అక్కడ పేర్లవారీగా ఒక ఇండెక్సు, ఆస్తులవారీగా ఇంకొకటి ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది, మొహమాటపడొద్దు.

పాత దస్తావేజు చేతికొస్తే అందరూ అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు చూసి మూసేస్తారు. నేను మాత్రం మొదట చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు చదువుతాను. 'తూర్పు ఫలానా సుబ్బయ్య చేను, దక్షిణం ఫలానా కోటయ్య చేను' అని ఉంటుంది. ఆ ఇద్దరిదీ మీ ఇంటిపేరే అయి, తండ్రి పేరు కూడా ఒకటే అయితే, పంచుకున్న భూమి అయ్యుండొచ్చు, వాళ్లు దాయాదులు కావచ్చు. ఇంట్లో ఎవరూ చెప్పని తాత తమ్ముడు ఇలా హద్దుల్లో బయటపడతాడు. ఇక ఫసలీ నంబరు చూసి సర్వే నంబరు అనుకునేవాళ్లున్నారు. అది పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన సంవత్సరం. దానికి 590 కలపండి: ఫసలీ 1340 అంటే 1930 జూలైలో మొదలైన ఏడాది. జాతకంలో 'ప్రభవ' అని మాత్రమే ఉంటే తొందరపడొద్దు, అది 1927లోనూ వచ్చింది, 1987లోనూ వచ్చింది.

పొదిలి, దర్శి వైపు వాళ్లకు ఒక మాట. అవి వెంకటగిరి జమీందారీ కింద ఉండేవి. జమీ ఊళ్లకు, 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం తర్వాత ఏ భూమి ఎవరిదో తేల్చిన సెటిల్‌మెంట్ రికార్డుల నుంచి మొదలుపెట్టడం తేలిక.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే వంశమూ ఒకటే.

వాస్తవం: కాదు. ఇంటిపేర్లలో చాలావరకు ఊరిపేర్లే, ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ ఉంటుంది. ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాన్ని అందుకే కళ్లు మూసుకుని కాపీ కొట్టొద్దు.

అపోహ: సముద్రం దాటి పోయినవాళ్ల ఆచూకీ ఇక దొరకదు.

వాస్తవం: చాలాసార్లు ఇక్కడ ఉండిపోయినవాళ్లకంటే వాళ్ల వివరాలే ఎక్కువ దొరుకుతాయి. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్ల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు. మారిషస్‌కు వెళ్లినవాళ్ల కాగితాలు అక్కడి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అయితే గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. నాయుడు అక్కడ చివర రెండు 'ఓ'లతో కనిపిస్తాడు. కాబట్టి స్పెల్లింగ్ చూసి "ఇది మన ఊరు కాదు" అనేయకండి. పైకి చదవండి, వీలైతే ఆ ప్రాంతపు పెద్దవాళ్లతో చదివించండి. తెలిసిన ఊరు వినిపిస్తే అప్పుడు తాలూకా గడితో సరిచూసుకోండి.