సంఘం పైసలు బ్యాంకు పైసలైన కాలం

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో మైక్రోఫైనాన్స్, అంటే హామీ లేకుండా చిన్న అప్పులిచ్చే కంపెనీల, కిస్తుల గొడవ మళ్లీ పైకి వచ్చింది. 2010 తర్వాత ఇక రారనుకున్న ఏజెంట్లు మళ్లీ వాడల్లో తిరుగుతున్నారు. ఇంకోవైపు, వడ్డీ లేని రుణాల కింద తమకు రావాల్సిన డబ్బు ఎప్పుడు పడుతుందని మహిళా సంఘాలు అడుగుతున్నాయి. పత్రికల్లో ఇవి రెండు వేరువేరు వార్తలు. ఊళ్లో చూస్తే రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి పాస్‌బుక్కులో కలుస్తాయి.

సంఘాలు ఎలా పుట్టాయో, సారా వ్యతిరేక ఉద్యమం నుంచి డ్వాక్రా దాకా, అందరికీ తెలిసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే 2004 నుంచి చూడాలి. ఆ ఏడాది ప్రభుత్వం పావలా వడ్డీ పథకం తెచ్చింది. సంఘం బ్యాంకులో అప్పు తీసుకుని సక్రమంగా కడితే, ఏడాదికి మూడు శాతానికి మించిన వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. నూటికి నెలకు పావలా అన్నమాట. 2012 నుంచి ఆ పావలా కూడా పోయి, 5 లక్షల రూపాయల వరకు వడ్డీ లేని రుణం అయింది. అప్పటిదాకా రోజూ వసూలు చేసే గిరిగిరి ఫైనాన్సుకు, ఊరి షావుకారుకు మిత్తి కట్టి అలిసిపోయిన ఆడవాళ్లకు ఇది పెద్ద ఊరట. దాన్ని నేను తక్కువ చేయడం లేదు.

కానీ ఆ పథకం పనిచేసే తీరులో ఒక మెలిక ఉంది. సంఘం ముందు అసలు, వడ్డీ రెండూ బ్యాంకుకు కట్టాలి. కట్టినట్టు లెక్క తేలాక ప్రభుత్వం వడ్డీ వాపసు ఇస్తుంది. అంటే ప్రభుత్వం ఇచ్చేదాకా ఆ భారం మోసేది సంఘమే. చేతిలో నాలుగు పైసలు ఆడుతున్నప్పుడు ఇది ఎవరికీ పట్టదు. కాలం బాగాలేనప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. కూలి దొరక్క, పత్తికి ధర రాక సభ్యుల ఆదాయం పడిపోయే రోజుల్లోనే ప్రభుత్వ ఖజానా కూడా బిగుసుకుంటుంది. సంఘానికి అండ ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే ఆ అండ ఆలస్యమవుతుంది. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకోవడం, ఏదో ఒక సందర్భంలో కొంత విడుదల కావడం, మళ్లీ పేరుకోవడం. ఈ తంతు ఏ ఒక్క పార్టీ ప్రభుత్వానిదో కాదు.

ఇంతకంటే పెద్ద మార్పు ఇంకోటి జరిగింది. దానికి జీవో లేదు, ప్రకటన లేదు. మా అమ్మ పరకాల దగ్గర మా ఊళ్లో సంఘానికి రెండో లీడర్‌గా ఉండేది. మొదట్లో నెలకు ముప్పై రూపాయల పొదుపు. ఆ పొదుపులోంచే ఒకరికి ఆస్పత్రికి, ఒకరికి విత్తనాలకు ఇచ్చేవాళ్లు, నూటికి రెండు రూపాయల మిత్తికి. ఆ మిత్తి కూడా సంఘంలోనే ఉండేది. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి రెండు నెలలు ఆగాలి అని మీటింగులో గంటలు గంటలు వాదించుకునేవాళ్లు. బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, పెరిగాక ఆ వాదన ఆగిపోయింది. అప్పు వచ్చిన రోజే అందరికీ సమానంగా పంచుకోవడం, నెల నెలా కిస్తు వసూలు చేయడం, అంతే పని. పొదుపు బ్యాంకు అప్పుకు అర్హతగా మారింది. పై నుంచి లింకేజీ టార్గెట్లు వచ్చేవి. టార్గెట్ అందుకున్న మండలానికి మెప్పు. మీటింగులు జరుగుతున్నాయా అని అడిగినవాళ్లు తక్కువ.

దీనికి వేరే దారి లేదా అంటే, ఉంది, మన పక్కనే ఉంది. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద సంఘం ప్రభుత్వం నుంచి వాటా ధనం తీసుకోదు. దాని బైలాలు సభ్యులే రాసుకుంటారు, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. ఆ చట్టం కోసం గట్టిగా పనిచేసిన సహవికాస అనే స్వచ్ఛంద సంస్థ ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లోనే మహిళా పొదుపు సంఘాలను పెంచింది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956 నుంచే రైతుల సహకార సంఘం ఉంది. పొదుపు సంఘాల ఆడవాళ్లు అదే ముల్కనూరులో 2002లో పాల డెయిరీ మొదలుపెట్టారు. ఆ డెయిరీ స్వకృషి పాల ప్యాకెట్ హనుమకొండలో చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఆ పొదుపు సంఘాల్లో సభ్యురాలి డబ్బు సభ్యుల మధ్యే తిరుగుతుంది. కష్టకాలం వస్తే కిస్తు వాయిదా వేయాలా వద్దా అని సభ్యులే తీర్మానం చేసుకోగలరు. బ్యాంకు అప్పు మీద నడిచే సంఘానికి ఆ వీలు లేదు. పది మందిలో ఇద్దరు కట్టకపోతే మొత్తం సంఘం ఖాతాకే చెడ్డపేరు, తర్వాతి అప్పు ఆగిపోతుంది, మిగతా ఎనిమిది మంది పొదుపుకూ టెన్షనే.

మైక్రోఫైనాన్స్ కంపెనీలు దూరింది ఈ సందులోంచే. సంఘం అప్పటికే ఊళ్లో ఆడవాళ్లను పదేసి మందిగా కూర్చోబెట్టింది, ఒకరికొకరు జామీను ఉండడం నేర్పింది. కంపెనీలకు ఆ ఏర్పాటు తయారుగా దొరికింది. బ్యాంకు కిస్తు కట్టడానికి కంపెనీ అప్పు, కంపెనీ కిస్తుకు ఇంకో కంపెనీ అప్పు. 2010లో ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. అక్టోబర్ 15న ఆర్డినెన్స్ వచ్చింది, తర్వాత అది చట్టమైంది. వారం వారం వసూళ్లు ఆగాయి. మొత్తం వడ్డీ అసలును మించకూడదన్నారు. సంఘం సభ్యురాలికి బ్యాంకు అప్పు ఉంటే అధికారుల అనుమతి లేకుండా ఇంకో అప్పు ఇవ్వొద్దన్నారు. కంపెనీల స్థానం నింపడానికి 2011లో సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి పెట్టారు. మంచి పనే. అయితే అది కూడా పై నుంచి వచ్చిన అప్పే.

లాక్‌డౌన్‌లో ఆ బలహీనత పూర్తిగా కనిపించింది. 2020 మార్చి చివర రిజర్వు బ్యాంకు కిస్తులకు మూడు నెలల మారటోరియం ఇచ్చి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. కిస్తు ఆగింది, వడ్డీ ఆగలేదు. ఆ మార్చి చివరి వారంలోనే కేంద్రం సంఘాలకు హామీ లేని రుణ పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచింది. పని లేని రోజుల్లో సంఘానికి దొరికిన సాయం, ఇంకా ఎక్కువ అప్పు. మా దగ్గర ఆడవాళ్లు ఆ నెలల్లో మాస్కులు కుట్టారు, వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపారు. ఊరికి ఆసరాగా నిలిచారు. వాళ్ల సంఘాలకు మాత్రం నిలబడేందుకు సొంత నిధి మిగల్లేదు.

ఆ తర్వాత రెండు నిర్ణయాలు వెంట వెంటనే వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మైక్రోఫైనాన్స్ వడ్డీ మీద పరిమితి తీసేసి, కుటుంబం కట్టే కిస్తులన్నీ కలిపి ఆదాయంలో సగానికి మించకూడదన్నారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని చెప్పింది. అప్పుడు వేసిన గేటు అలా తెరుచుకుంది.

కంపెనీల వాదన ఏమిటంటే, బ్యాంకు అప్పు చాలకే జనం తమ దగ్గరకు వస్తున్నారు, తాము రాకపోతే గిరిగిరి వాళ్ల దగ్గరకు పోతారు. ఇందులో కొంత నిజముంది. అధికారులు సంఘాల రికవరీ శాతం చూపిస్తారు. ఆ శాతం ఎక్కువే. కిస్తు కట్టడానికి ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారో ఆ కాగితంలో ఉండదు. కూలి పైసలా, పుస్తెలు కుదువ పెట్టిందా, ఇంకో కంపెనీ దగ్గర తెచ్చిందా అనేది పక్కింటి సభ్యురాలికే తెలుస్తుంది. ఒకప్పుడు అది మాట్లాడుకోవడానికి మీటింగు ఉండేది.

ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూళ్లకు పోవద్దన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. పత్తి ఏరే కాలంలో ఆ మధ్య గంటల్లో ఏ ఇంట్లోనూ ఆడవాళ్లు ఉండరు, అందరూ చేన్లలోనే. ఇంటికి కాకుండా ముందే అనుకున్న ఒక చోటికి పిలిచి వసూలు చేయాలని, వరుసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి పోవచ్చని ఇంకో నిబంధన. మా ఊళ్లో ఆ చోటు పాత సంఘం లీడర్ ఇంటి అరుగు. ముప్పై రూపాయల పొదుపు లెక్కలు రాసుకున్నది కూడా అక్కడే.