సమాప్తం అనే మాట మరిచిన సీరియల్

మా అమ్మమ్మ పెట్టెలో చీరల కింద ఒక కట్ట ఉండేది. వారపత్రికల్లోంచి వారం వారం చింపి దాచిన సీరియల్ నవల పేజీలు. దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టుకుంది. ప్రతి విడత అడుగునా ‘సశేషం’, ఆఖరి పేజీలో మాత్రం ‘సమాప్తం’. ఆ మాట అచ్చయ్యాకే పత్రికలో ఇంకొకరి కథకి వంతు వచ్చేది.

తెలుగు టీవీలో కొత్త సీరియల్‌కి ఇంకా చోటుందా అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ కట్టే గుర్తొస్తుంది. గంటల లెక్కన చూస్తే చోటుకి కొదవే లేదు. మధ్యాహ్నం మొదలుకొని రాత్రి పది దాకా సీరియళ్లే కదా! కానీ ఉన్న కథ ముగిస్తేనే కొత్త కథకి చోటు దొరుకుతుంది. ఆ ముగించే అలవాటు మన టీవీకి ఎప్పుడు, ఎలా తప్పిపోయిందన్నదే అసలు సంగతి.

ఇలాంటి సీరియళ్లను ఇంగ్లీషులో సోప్ ఆపెరా అంటారు. ఆ పేరు 1930ల నాటి అమెరికా రేడియోది. సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టి పగటిపూట ఆడవాళ్ల కోసం నడిపించిన కథలవి. మన దేశానికి ఆ పద్ధతి మెక్సికో మీదుగా వచ్చింది. అక్కడ కుటుంబ నియంత్రణ లాంటి విషయాలను కథలో కలిపి చెప్పిన తీరు చూసి, దూరదర్శన్ 1984 జులై 7న ‘హమ్ లోగ్’ అనే హిందీ సీరియల్ మొదలుపెట్టింది. స్పాన్సర్ నూడుల్స్ కంపెనీ. ఎపిసోడ్ చివర హిందీ సినిమా నటుడు అశోక్ కుమార్ వచ్చి ఆ రోజు కథ గురించి నాలుగు మాటలు మాట్లాడేవాడు. 150కి పైగా ఎపిసోడ్లు నడిచి 1985 డిసెంబరులో ముగిసింది.

ఆ రోజుల్లో దూరదర్శన్ సీరియళ్లను 13 ఎపిసోడ్ల లెక్కన మంజూరు చేసేది. బాగుంటే ఇంకో 13. రాసేవాళ్లకి అది ఇరుకే, కాదనను. ఆ మంజూరు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం ఇంకో బాధ. అయినా ఆ లెక్కలో ఒక మేలుంది. కథ ఎక్కడ ఆపాలో మొదటి రోజే తెలిసేది. మూడు నెలలకోసారి తలుపు తెరుచుకునేది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. వారానికోసారి వచ్చే కథ నెమ్మదిగా రోజువారీ కథ అయింది. మనవాళ్లకి డైలీ సీరియల్ రుచి చూపించిన వాళ్లలో దర్శకురాలు మంజులానాయుడు పేరు ముందు చెప్పాలి. దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’, తర్వాత జెమినిలో ‘చక్రవాకం’ ఆవిడవే. 2008లో ‘చక్రవాకం’ ముగిశాకే ‘మొగలి రేకులు’ మొదలుపెట్టి, దాన్ని 2013 దాకా నడిపారు. ఐదేళ్లంటే తక్కువేం కాదు. అయినా ఒకటి ముగించి రెండోది ఎత్తుకోవడం అప్పటికింకా ఉంది.

అదే 2008 డిసెంబరులో ఈటీవీలో ‘అభిషేకం’ మొదలైంది. 2022 ఫిబ్రవరి దాకా, 4000 ఎపిసోడ్లు. అది మొదలైనప్పుడు పుట్టిన పిల్ల అది ముగిసేసరికి ఎనిమిదో తరగతి చదువుతుంటుంది. అన్నాళ్ల పాటు ఆ అరగంట ఇంకెవరి కథకీ దక్కలేదు.

ఛానళ్ల బాధా లేకపోలేదు. కొత్త సీరియల్ అంటే కొత్త ఇల్లు, కొత్త ఆర్టిస్టులు, ప్రోమోల ఖర్చు. జనం పాత్రల పేర్లు పట్టుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది. టీఆర్పీలేమో వారం వారం వస్తాయి. అలవాటైన మొహాలను వదులుకోవడం కంటే అదే ఇంటికి ఇంకో దూరపు చుట్టాన్నో, మతిమరుపునో తెచ్చిపెట్టడం చవక. రేటింగ్ మరీ పడిపోతే మధ్యాహ్నానికి జరుపుతారు. అంతే తప్ప అంత తేలిగ్గా ఆపరు.

కొత్త సీరియల్ వచ్చిందనుకున్నా, చాలాసార్లు కథ కొత్తది కాదు. ఒకప్పుడు హిందీ సీరియళ్లను డబ్బింగ్ చేసి వేసేవారు. ‘చిన్నారి పెళ్లికూతురు’ మన ఇళ్లలోకి అలాగే వచ్చింది. మా పొట్ట కొట్టొద్దని తెలుగు టీవీ కళాకారులు, టెక్నీషియన్లు రోడ్డెక్కారు. ఆ తర్వాత రీమేకులు పెరిగాయి. నటులకు, కెమెరావాళ్లకు పని దొరికింది. కథ రాసేవాడి కుర్చీ మాత్రం పొరుగు భాషలోనే ఉండిపోయింది.

స్టార్ మా ‘కార్తీక దీపం’ కూడా మలయాళం ‘కరుత్తముత్తు’ రీమేకే. 2017లో మొదలైంది. 2022లో నాయికానాయకులు దీప, కార్తీక్ చనిపోయారని చూపించి పిల్లల తరం కథ ఎత్తుకున్నారు. అక్కడ ముగించి ఉంటే ఎంత బాగుండేది! కొన్ని నెలలకే ఇద్దరినీ వెనక్కి తెచ్చారు. చివరికి 2023 జనవరిలో ముగిసింది. ఆ రోజు మా అమ్మ టీవీ కట్టేయకుండా ప్రకటనలు అయ్యేదాకా అలాగే కూర్చుంది. మర్నాడే ‘బ్రహ్మముడి’ వచ్చింది, అది బెంగాలీ కథ. మరి 2024 మార్చిలో? మళ్లీ ‘కార్తీక దీపం’, అదే జంట, అవే పాత్రల పేర్లు. కథ వేరైనా గడప దాటడానికి పాత పేరే కావాల్సి వచ్చింది.

ఈలోగా ఎనిమిది ఎపిసోడ్లలో చెప్పదగ్గ కథ ఉన్న కుర్రవాళ్లు ఓటీటీ వైపు వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టను. కానీ ఆ కథలు మా అమ్మ దాకా రావు. ఆవిడ ఫోన్లో చూడదు. ఏడున్నరకి కుక్కర్ దించి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ హాల్లోకి వస్తుంది. ఆవిడకి ఎదురయ్యేది టీవీయే.

అందుకే నా కోరిక ఒక్కటే. ఏదో ఒక ఛానల్ ఒక్క అరగంట తీసి, తెలుగు రచయితకిచ్చి, ‘ఇది 100 ఎపిసోడ్ల కథ’ అని మొదటి రోజే తెర మీద రాయాలి. నూరో రోజు సాయంత్రం ‘తరువాయి భాగం’ వేయకూడదు. అలాంటిది వస్తే అమ్మ పక్కన కూర్చుని నేనూ చూస్తాను.