ట్రెండింగ్‌కి ఓటర్ కార్డు ఉండదు: ఎన్నికల వేళ సోషల్ మీడియాపై అపోహలు - వాస్తవాలు

నేను చేసే పనిని సోషల్ లిజనింగ్ అంటారు. జనం బహిరంగంగా పెట్టే పోస్టులు, కామెంట్లు పోగుచేసి, ఎవరు దేని గురించి ఏమంటున్నారో లెక్కతీసి చెప్పాలి. విశాఖలో సిరిపురం దగ్గర చిన్న ఆఫీసు మాది. మామూలు రోజుల్లో హోటళ్లు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు మాకు గిరాకీ. సార్వత్రిక ఎన్నికలు వచ్చాయంటే మాత్రం టీ కొట్టు దగ్గర కూడా ఒకటే ప్రశ్న: "ఏటి గురూ, నెట్‌లో గాలి ఎటుంది?" ఆ ప్రశ్నలోనే సగం అపోహలున్నాయి. తరచూ నా చెవిన పడేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: నెట్‌లో ఎవరి హడావుడి ఎక్కువగా ఉంటే వాళ్లే గెలుస్తారు

దీనికి జవాబు కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, గాజువాక చాలు. 2019లో పవన్ కల్యాణ్ అక్కడ పోటీ చేసినప్పుడు ఆన్‌లైన్‌లో ఆయన పేరు మోగిపోయింది. ఫలితాల్లో 16,753 ఓట్ల తేడాతో వైసీపీ అభ్యర్థి తిప్పల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. రాష్ట్రం మొత్తమ్మీద జనసేనకు దక్కింది రాజోలు ఒక్కటే. ఐదేళ్లు తిరిగేసరికి అదే పార్టీ పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాలూ, 2 లోక్‌సభ స్థానాలూ గెలిచింది. హడావుడి రెండుసార్లూ ఉంది. మారింది పొత్తు: 2024లో టీడీపీ, బీజేపీతో కలిసి కూటమిగా పోటీ చేసింది. ఓట్లు చీలడమూ కలవడమూ ఏ హ్యాష్‌ట్యాగ్ లెక్కలోనూ కనబడవు.

విశాఖ లోక్‌సభ సంగతీ చూడండి. 2019లో టీడీపీ అభ్యర్థి శ్రీభరత్ 4,414 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2024లో అదే మనిషి, అదే సీటు, 5,04,247 ఓట్ల ఆధిక్యం. అంత తేడాను లైకులు లెక్కపెట్టి ముందే పట్టుకున్నామని ఎవరైనా చెబితే నేను నమ్మను.

అసలు ట్రెండింగ్ ఎలా పుడుతుందో తెలిస్తే దానికి ఇంత విలువ ఇవ్వరు. ఎక్స్‌లో ఒక ట్యాగ్ పైకి రావాలంటే రోజంతా మెల్లగా మాట్లాడితే చాలదు, తక్కువ వ్యవధిలో ఒక్కసారిగా ఎగబడాలి. ఈ విద్యలో తెలుగువాళ్లని కొట్టేవాళ్లు లేరు. హీరో పుట్టినరోజుకి కామన్ డీపీ (అభిమానులంతా పెట్టుకునే ఒకే ప్రొఫైల్ ఫొటో) వదలడం, ట్యాగ్ టైమ్ సాయంత్రం ఆరింటికి అని ముందే చెప్పుకోవడం, అప్పటిదాకా ఎవరూ ఆ ట్యాగ్ వాడకుండా కాపలా కాయడం, ఇవన్నీ అభిమాన సంఘాలు ఏళ్ల తరబడి సాధన చేసినవే. ఆ కుర్రాళ్లే ఎన్నికలప్పుడు పార్టీ ట్యాగులు మోస్తారు. వాళ్లలో కొందరికి ఓటు హక్కు వచ్చే వయసు కూడా ఉండదు. కొందరు డల్లాస్‌లో ఉంటారు.

అపోహ: చిత్తుగా ఓడిన పార్టీకి అన్ని కామెంట్లు ఎలా వస్తాయి? అన్నీ ఫేక్ అకౌంట్లే

2024 జూన్ 4 మధ్యాహ్నానికే వైసీపీ సీట్ల అంకె "11" మీద మీమ్‌లు వరద కట్టాయి. క్రికెట్ టీమ్ అన్నారు, "వై నాట్ 175" నినాదాన్ని తిప్పికొట్టారు. 2019లో ఇదే మోత "23" మీద మోగింది. 23 మంది ఎమ్మెల్యేలను లాక్కున్నందుకు టీడీపీకి మే 23న 23 సీట్లే వచ్చాయని జోకులు. సీట్లు చూసి నవ్వుకున్నవాళ్లు ఓట్ల వరుస చూడలేదు. 2019లో 23 సీట్లకు దిగిన టీడీపీకి పడిన ఓట్లు 39 శాతం పైచిలుకు. 2024లో 11 సీట్లకు దిగిన వైసీపీకి పడినవీ 39 శాతం పైచిలుకే. ఓడిన రెండు పార్టీలకూ ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఓటేశారు. సీటుకి ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కడే గెలిచే పద్ధతిలో ఈ నలుగురూ అసెంబ్లీలో కనబడరు, కామెంట్లలో కనబడతారు. అంతే తేడా. మీ పోస్టు కింద వచ్చి గొడవపడేవాడు మీ వీధివాడే అయ్యుండొచ్చు.

డబ్బు తీసుకుని రాసేవాళ్లు లేరని కాదు. "పేటీఎం బ్యాచ్" అనే తిట్టు ఊరికే పుట్టలేదు. కానీ వాళ్లని పట్టుకోవడానికి అభిప్రాయం చూడకూడదు, అలవాటు చూడాలి. ఒకే వాక్యం, అదే అక్షరదోషంతో, కామాకి ముందు అదే అనవసరపు ఖాళీతో, ఇరవై అకౌంట్లలో ఒకే నిమిషంలో పడితే అది కూలికి రాసిన పోస్టు. మరో ఆనవాలు నాకు భలే ఇష్టం: ఆవేశం మధ్యాహ్నం ఒంటిగంటకి చల్లారి, రెండింటికి మళ్లీ రాజుకుంటుంది. భోజన విరామం మరి! నిజమైన కోపానికి లంచ్ టైమ్ ఉండదు, అది రాత్రి పదకొండు దాటాక విజృంభిస్తుంది. మేం చూసే కామెంట్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే, పైసా తీసుకోకుండా నిద్ర చెడగొట్టుకునేవాళ్లవే.

అపోహ: సాఫ్ట్‌వేర్ జనం మనసు చదివేస్తుంది

క్లయింట్లకు ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో వృత్తాలు గీసి చూపిస్తాం. ఆకుపచ్చ అంటే మెచ్చుకోలు, ఎరుపు అంటే తిట్టు. చూడ్డానికి బాగుంటుంది. ఆ రంగు వేసేది ఎవరో అడగండి.

వానాకాలంలో ఒక నాయకుడి పోస్టు కింద ఇలాంటి కామెంటు ఉందనుకోండి: "వావ్, ఏం అభివృద్ధి బావా! జ్ఞానాపురంలో పడవేసుకుని తిరగొచ్చు." టూల్ కంటికి "వావ్" మంచిమాట, "అభివృద్ధి" ఇంకా మంచిమాట. ఆకుపచ్చ పడిపోతుంది. "దండం సామీ నీకు" అన్నా ఆకుపచ్చే. చేతులు జోడించిన బొమ్మ మనవాళ్లు భక్తితో ఎంత వాడతారో, విసుగుతోనూ అంతే వాడతారు. "మీరే మళ్లీ రావాలి సార్, మా ఇంటి పన్ను ఇంకా కొంచెం మిగిలుంది" అన్నది ఎంత గట్టి తిట్టో ఈ ఊళ్లో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. యంత్రానికి చెప్పాలి. దీనికి తోడు సగం జనం తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగ్. ఉత్తరాంధ్ర యాసలో రాస్తే ఇక చెప్పనే అక్కర్లేదు.

అందుకే మేం ఓ గుప్పెడు కామెంట్లు తీసి మనుషుల చేత చదివిస్తాం. మనిషి చదివినవి లేకుండా వట్టి వృత్తాలే ఇచ్చే ఏజెన్సీకి డబ్బు కట్టొద్దని నా సలహా.

అసలు మాట ఎక్కడ జరుగుతోందో అక్కడికి మాకు ప్రవేశం లేదు. ఇంటి వాట్సాప్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు ఎన్‌క్రిప్షన్ వెనక ఉంటాయి, అంటే గ్రూపులో ఉన్నవాళ్లు తప్ప బయటివాళ్లు చదవలేరు. ఏ టూలుకీ అవి కనబడవు. చూస్తున్నామని ఎవరైనా అంటే అబద్ధమాడుతున్నారు, లేదంటే చేయకూడని పని చేస్తున్నారు.

అపోహ: ఎగ్జిట్ పోల్ ముందే లీకైంది, మా బావమరిది పంపాడు

2024లో మనకు పోలింగ్ మే 13న అయింది, లెక్కింపు జూన్ 4న. మధ్యలో ఏడో దశ దాకా దేశమంతా ఓట్లు వేస్తూనే ఉంది. ఆ 22 రోజులు మాకు పెద్ద పండగ, పుకార్లకు అంతకంటే పెద్ద పండగ. "ఐబీ రిపోర్ట్" (కేంద్ర నిఘా సంస్థ నివేదిక) పేరుతో నియోజకవర్గాల వారీ పట్టికలు వచ్చేవి. పొద్దున ఒక పార్టీ గెలిచేది, సాయంత్రం అదే పట్టికలో ఇంకో పార్టీ. పందేలు కాసినవాళ్లకు అవే వేదాలు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126ఏ ప్రకారం చివరి దశ పూర్తయ్యేదాకా ఎగ్జిట్ పోల్ ప్రచురించకూడదు. 2024లో ఆ గడువు జూన్ 1 సాయంత్రం 6:30. దాటితే రెండేళ్ల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ.

సక్రమంగా వచ్చిన సర్వేల మీదా జనం స్పందన చిత్రంగానే ఉంటుంది. జూన్ 1 సాయంత్రం ఆరా సర్వే వైసీపీకి 94 నుంచి 104 సీట్లంది, కేకే సర్వే కూటమికి 161 అంది. ఎవరికి నచ్చింది వాళ్లు పంచుకున్నారు, రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు బహు తక్కువ. కూటమికి వచ్చినవి 164. దేశస్థాయిలో ప్రధాన సర్వేలు చాలావరకు ఎన్డీయేకి 350కి పైనే ఇచ్చాయి, వచ్చింది 293. సర్వేలు నమ్మి జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగిరింది, మర్నాడు 4,389 పాయింట్లు కూలింది. మీమ్ చూసి నవ్వుకున్నవాడికి పోయిందేమీ లేదు. షేర్లు కొన్నవాడికి పోయింది.

అపోహ: ఇప్పుడు అబద్ధాలన్నీ ఏఐ డీప్‌ఫేకులే

ఏఐ వీడియోలు ఉన్నాయి, 2024లో సినిమా తారల పేరుతోనూ వచ్చాయి. కానీ ఆ ఎన్నికల్లో తెలుగు రాష్ట్రాలను ఊపేసిన నకిలీ వీడియోకి ఏఐ అవసరమే పడలేదు. అమిత్ షా 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని, అది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల హక్కని మాట్లాడారు. దాన్ని కత్తిరించి అతికించి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లే తీసేస్తామన్నట్టు తయారుచేశారు. కేసులు పెట్టి అరెస్టులు కూడా చేశారు. కత్తెర పని ఇది, ఫోన్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది. పాత వరద ఫొటోకి కొత్త తేదీ వేయడం, ఒక రాష్ట్రంలో జరిగిన గొడవని మన బూత్‌లో జరిగినట్టు పెట్టడం, మా తెర మీద రోజూ కనబడేవి ఇవే. పెదవులు కదిలే తీరు గమనించండని చెప్పే సలహాలు వీటికి పనికిరావు. మాట ఎక్కడ తెగిందో చూడాలి, మొత్తం ప్రసంగం వెతకాలి.

పోస్టు తీసేశారు కాబట్టి అబద్ధమే అనుకోవడమూ పొరపాటే. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశంతో ఎక్స్ నాలుగు పోస్టులు కనబడకుండా చేసింది. వాటిలో వైసీపీది ఒకటి, చంద్రబాబుది ఒకటి. ఆదేశం పాటిస్తున్నాం కానీ ఒప్పుకోవడం లేదని ఎక్స్ బహిరంగంగానే చెప్పింది. ఎన్నికల నియమావళి గీతా, నిజానిజాల గీతా ఒకటి కావు.

అపోహ: సాయంత్రం 68 శాతం, తెల్లారేసరికి 81. రాత్రికి రాత్రే గుద్దేశారు

గత ఎన్నికల తర్వాత నాకు ఎక్కువసార్లు ఎదురైన మాట ఇదే. మే 13 సాయంత్రం ఐదింటికి రాష్ట్రంలో 68 శాతం దగ్గర చూపించారు, చివరికి పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం అన్నారు. చూసినవాడికి అనుమానం రావడం తప్పు కాదు. కానీ ఐదు తర్వాత పోలింగ్ ఆగిపోలేదు. ఆరింటికి వరుసలో ఉన్న అందరికీ చిట్టీలు ఇస్తారు, అదీ వరుస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి, కొత్తవాళ్లు వెనక చేరకుండా. ఆ చిట్టీ ఉన్నవాళ్లంతా ఓటేసేదాకా బూత్ మూయరు. ఆ రోజు కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది. పగటి అంకెలు బూత్‌ల నుంచి వచ్చే ఉరామరి లెక్కలు. అసలు లెక్క ఫారం 17సి, పోలింగ్ ముగియగానే దాని కాపీ పార్టీల ఏజెంట్ల చేతికే ఇస్తారు. అన్యాయం జరిగిందనేవాళ్లు చూపించాల్సింది టీవీ స్క్రీన్‌షాట్ కాదు, ఆ కాగితం.

ఇందులో ఎన్నికల సంఘం బాధ్యతా ఉందని నా అభిప్రాయం. ఎన్ని ఓట్లు పడ్డాయో అంకెల్లో చెప్పకుండా శాతాలతో సరిపెట్టి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక మే 25న అంకెలు వదిలింది. ఖాళీ వదిలితే పుకారు వచ్చి కూర్చుంటుంది.

ఈవీఎంల మీద అనుమానం మాత్రం చేతులు మారుతూ ఉంటుంది. 2019 ఎన్నికలకి ముందు సగం వీవీప్యాట్ చీటీలు (ఓటు ఎవరికి పడిందో ఈవీఎం పక్కన అచ్చయ్యేవి) లెక్కించాలని చంద్రబాబు కోర్టుకెక్కారు. 2024 జూన్‌లో పేపర్ బ్యాలెట్ కావాలని జగన్ ఎక్స్‌లో రాశారు. అభిమానులు ఒకరి పాత పోస్టులు ఒకరు తవ్వుకున్నారు. స్క్రీన్‌షాట్లు దాచుకునేవాళ్లకి ఇది వార్షికోత్సవం లాంటిది.

అపోహ: జాబితాలో పేరు లేకపోయినా "49ఏ చాలెంజ్ ఓటు" వేయొచ్చు

ప్రతి ఎన్నికకీ పాతబాకీలా తిరిగొచ్చే ఫార్వర్డ్ ఇది. పేరు లేకపోతే ఆధార్ చూపించి ఓటేయొచ్చనీ, టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అనీ ఉంటుంది. రెండూ తప్పే. జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. మీ ఓటు వేరేవాళ్లు వేసేశారని తేలితే 49పి నిబంధన కింద బ్యాలెట్ పేపర్ మీద టెండర్ ఓటు ఇస్తారు, దాన్ని మామూలు లెక్కింపులో కలపరు. 14 శాతం అనేది ఏ చట్టంలోనూ లేదు. చాలెంజ్ అనేది ఓటరు చేసేది కాదు, వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి చేసేది.

అపోహ: జాతీయ ఎన్నిక కాబట్టి స్పందనా జాతీయమే

జూన్ 4న బీజేపీ 240 దగ్గర ఆగినప్పుడు దేశమంతా సంకీర్ణం గురించి మాట్లాడింది. విశాఖ పేజీల్లో నేను చదివిన మాట వేరు: "టీడీపీకి 16 వచ్చాయి కదా, స్టీల్ ప్లాంట్ ఇక అమ్మరు కదా?" రైల్వే జోన్ ఎప్పుడని అడిగినవాళ్లు ఆ తర్వాతి వరుసలో. 2021 జనవరిలో ప్రైవేటీకరణకు కేంద్రం ఒప్పుకున్నప్పటి నుంచి ఈ ఊళ్లో ఏ జాతీయ వార్త పెట్టినా కింద ఉక్కు ప్రస్తావన రాక మానదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడూ సంబరం సగం, "మరి ప్రైవేటీకరణ రద్దని రాసిచ్చారా?" అనే అడుగుడు సగం. ఎవరు గెలుస్తారో నెట్ చెప్పదు, జనానికి ఎక్కడ కాలుతోందో చెబుతుంది. నా జీతం నిజానికి ఈ రెండో దానికే రావాలి, అడిగేదేమో అందరూ మొదటిది.

అపోహ: గ్రూపులో ఎవడేం పెట్టినా అడ్మిన్‌ని లోపలేస్తారు, మూడో టిక్ పడితే సర్కారు చూసినట్టే

సభ్యుడు పెట్టిన పోస్టుకి అడ్మిన్ తనంతట తానే నేరస్థుడు కాడని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మినే కావాలని చేయించాడని, కలిసి చేశాడని తేలితే అది వేరే కథ. ఇక మూడు నీలం టిక్కులు, రెండు నీలం ఒక ఎరుపు టిక్కు అంటూ వచ్చే ఫార్వర్డ్ ఉత్తదే. వాట్సాప్‌లో మూడో టిక్ లేదు. మీరు చూడాల్సింది మెసేజ్ పైన ఉండే రెండు బాణాల గుర్తు: అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు.