మద్రాస్ సాపర్ల చిహ్నంలో ఏది మనది, ఏది వాళ్లది?

సైన్యం బ్యాడ్జీల మీద వలసపాలన గుర్తులు ఉండాలా వద్దా అన్న వాదన మళ్లీ రేగింది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళం తన పతాకం నుంచి ఇంగ్లండు జెండా గుర్తయిన సెయింట్ జార్జ్ శిలువను తీసేసింది. అప్పటి నుంచి ప్రతి రెజిమెంటు గుర్తు మీదా ఇదే ప్రశ్న పడుతోంది. బెంగళూరు అల్సూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపు, అంటే మద్రాస్ సాపర్లు కూడా అందుకు మినహాయింపు కాదు. 1780లో మద్రాసులో రెండు పయొనీర్ (సైన్యానికి దారులు వేసే) కంపెనీలుగా మొదలైన ఈ దళం కథ ఊళ్లో చాలామందికి తెలుసు. తెలియనిది 1832 సంగతి.

ముందు సాపర్ల పనేమిటో చూడాలి. కోటను ముట్టడించేటప్పుడు గోడ దాకా కందకం తవ్వుకుంటూ పోయేవాడు సాపర్. అందరికంటే ముందున్నవాడు అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తవ్వుతాడు. వెనకాల ముగ్గురు తలా ఆరు అంగుళాలు పెంచుకుంటూ వస్తారు. నాలుగోవాడు దాటేసరికి మూడడుగుల కందకం తయారవుతుంది. అది తిన్నగా సాగితే కోట మీది ఫిరంగి గుండు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దూసుకుపోతుంది కాబట్టి వంకరటింకరగా తవ్వాలి. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లూ తమిళులూ చేసిన చాకిరీ ఇది.

ఇక 1832. ఆ ఏడాది ఇంగ్లండు రాజు నాలుగో విలియం తన సైన్యంలోని రాయల్ ఇంజనీర్లకు ‘ఉబిక్వే’ అనే లాటిన్ మాటను నినాదంగా ఇచ్చాడు. ‘అంతటా’ అని అర్థం. యుద్ధాల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుకునే బదులు ఆ ఒక్క మాట. అంతకు ఏడాది ముందే పయొనీర్ల నుంచి సాపర్స్ అండ్ మైనర్స్‌గా (కందకాలు, సొరంగాలు తవ్వేవాళ్లుగా) మారిన మద్రాసు దళం రాజుగారిది కాదు, ఈస్టిండియా కంపెనీది. ఆ మాట వీళ్లకు దక్కలేదు. వీళ్ల యుద్ధ గౌరవాలు పోరాడిన చోట్ల పేర్లతోనే, వాటికి గుర్తుగా ఇచ్చిన బొమ్మలతోనే పోగయ్యాయి: 1801 ఈజిప్టు దండయాత్రకు స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్లు ఉన్న బొమ్మ), 1803 అస్సాయే యుద్ధానికి ఏనుగు, 1840–42 నల్లమందు యుద్ధానికి డ్రాగన్.

1950 జనవరి 26న బ్యాడ్జీల మీద కిరీటం పోయి అశోకుడి సింహాలొచ్చాయి. 1876 నుంచి దళం పేరులో ఉన్న ‘క్వీన్స్ ఓన్’ అనే రాణిగారి ముద్రా పోయింది. ఈ దళం ఉన్న భారత సైన్యపు ఇంజనీర్ల కోర్ నినాదం ‘సర్వత్ర’. అంటే ఉబిక్వేకు సంస్కృత రూపం. దేశీయంగా వినిపించే ఆ మాటకు మూలం లండన్‌లో ఉంది. పరాయివిగా కనిపించే ఆ జంతువులేమో మనవాళ్లు పలుగూ పారా పట్టి సంపాదించుకున్నవి. ఏనుగును చెరిపి సర్వత్రను ఉంచితే వలస ముద్ర పోదు. కూలిపని చేసినవాడి గుర్తు పోతుంది.

ఈ గుర్తులు తీసేయాలనేవాళ్ల మాటలోనూ బరువుంది. అస్సాయేలో ఓడింది మరాఠాలు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో కూలింది టిప్పు. 1791 మార్చిలో కంపెనీ సేన పట్టుకున్నది ఇదే బెంగళూరు కోటను. ఆ గెలుపులను ఈ ఊళ్లోనే పండుగ చేసుకోవడం ఎవరికైనా బాధే. కానీ స్వదేశీ రాజులపై గెలిచిన ఇలాంటి యుద్ధాల గౌరవాలను వేడుకలకు, పతాకాలకు దూరంగా ఉంచాలని సైన్యం దశాబ్దాల కిందటే నిర్ణయించుకుంది. చరిత్రలో వాటి నమోదు అలాగే ఉంది. అయినా వేరే దళమైన మద్రాస్ రెజిమెంటు బ్యాడ్జి మీద అస్సాయే ఏనుగు నేటికీ నిలబడే ఉంది. స్ఫింక్స్, డ్రాగన్ల విషయంలో ఈ అభ్యంతరమే లేదు.

పాత బ్యాడ్జీని సాక్ష్యంగా చూపేవాళ్లు ముందు దాన్ని తిప్పి చూడాలి. అచ్చుతో కొట్టిన అసలు బ్యాడ్జికి ముందువైపు ఉబ్బిన బొమ్మ వెనకవైపు గుంటగా కనిపిస్తుంది. పోత పోసిన నకలుకు వెనకభాగం గరుకుగా, సన్నటి చిల్లులతో ఉంటుంది. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి అసలుకంటే కాస్త చిన్నదిగానూ ఉంటుంది. చిక్కపేట ఆదివారం సంతలో కొనేవాళ్లు స్కేలు, భూతద్దం తీసుకెళ్లడం మంచిది. కిరీటం ఉంటే 1950కి ముందరి నమూనా. సింహాలుంటే ఆ తర్వాతది. రెండూ ఒకే బ్యాడ్జి మీద ఉంటే మాత్రం అది ఏ దళానిదీ కాదు.