దగ్గరికెళ్ళినా నునుపైన కొండ

దూరపు కొండలు నునుపు అంటాం. పర్లాకిమిడి పొలాల్లో గట్టు మీద నిలబడి మహేంద్రగిరి దిక్కుకి చూసేవాళ్ళకి ఈ మాట ఎలా పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. ముందున్న గుట్ట మీద తుప్పలూ బండలూ విడివిడిగా కనిపిస్తాయి. దాని వెనకది బూడిద కలిసిన పచ్చ. ఆ వెనక వరస లేత నీలం. వరస మారేకొద్దీ మనకీ కొండకీ మధ్య గాలి పెరుగుతుంది. ఆ గాలి వెలుగులోని నీలాన్ని చెదరగొట్టి కొండ ముందు పలచటి తెర దించుతుంది. లోయలూ చీలికలూ ఆ తెర వెనక కరిగిపోయి కొండ నున్నగా తోస్తుంది. కొండ ఎంత దూరంలో ఉందో మన కన్ను చాలామటుకు ఈ నీలాన్ని బట్టే అంచనా కడుతుంది.

చంద్రుడి మీద ఆ తెర లేదు. అయినా అక్కడి కొండ నున్నగానే ఉంటుంది. దూరం నుంచే కాదు, కాళ్ళ కిందికి వచ్చాక కూడా.

1971 జులై 30న అమెరికా చంద్రయాత్ర అపోలో 15లో వ్యోమగాములు డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ దిగిన మైదానానికి దక్షిణంగా ఉన్న కొండ పేరు హేడ్లీ డెల్టా. మైదానం నుంచి దాని ఎత్తు సుమారు 3.5 కిలోమీటర్లు. మన మహేంద్రగిరి 1,501 మీటర్లు, కొరాపుట్ దేవమాలి 1,672 మీటర్లు. అవి సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తులు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా దాన్ని అందవు. దిగిన రెండు గంటలకి స్కాట్ నౌక పైమూత తీసి, తల బయటపెట్టి 33 నిమిషాలపాటు చుట్టూ చూసి, ఫోటోలు తీశాడు. వాళ్ళు వెంట తెచ్చుకున్న బండి (రోవర్) నడవడానికి అడ్డొచ్చే పెద్ద బండలు లేవు. అంతకుముందు చిత్రకారులు దశాబ్దాల తరబడి గీసిన కత్తి అంచుల శిఖరాలు ఒక్కటీ లేవు. అన్నీ గుండ్రటి భుజాలే.

కారణం కాలం, దుమ్ము. ఈ కొండ మన తూర్పు కనుమల్లాగా నెమ్మదిగా లేచింది కాదు. దాదాపు 390 కోట్ల ఏళ్ళ కిందట ఒక పెద్ద గ్రహశకలం గుద్దుకుని 1,100 కిలోమీటర్లకు పైబడిన ఇంబ్రియం గుంటను తవ్వింది. ఆ దెబ్బకి గుంట అంచున లేచి నిలబడిన దిమ్మెల్లో హేడ్లీ డెల్టా ఒకటి. లేవడం ఎంతసేపో కాదు. అరగడమే ఇంకా సాగుతోంది. అక్కడ వాన లేదు, ఏరు లేదు, రాతిని చీల్చే మర్రివేరు లేదు. ఉన్నదల్లా అంతరిక్షం నుంచి ఎడతెగకుండా పడే ఇసుకరేణువంత, అంతకన్నా చిన్న రాళ్ళు. గట్టి రాయి అయితే పది లక్షల ఏళ్ళకి సుమారు 1 మిల్లీమీటరు అరుగుతుంది. ఆ లెక్కన 390 కోట్ల ఏళ్ళకి దాదాపు నాలుగు మీటర్లు. పెద్ద దెబ్బలు వేరే. అవి బండల్ని పగలగొట్టి పొడిని వాలు కిందికి జరుపుతూ ఉంటాయి. అలా పేరుకున్న మీటర్ల మందం పొడి దుప్పటి కొండ ఎముకల్ని కప్పేసింది.

ఈ పొడిలో నడిచేవాడికి రెండు చిక్కులు. మొదటిది దూరం తెలియకపోవడం. నీలం లేదు, చెట్టూ ఇల్లూ లేవు. మనిషి కన్ను ఎత్తు నుంచి భూమ్మీద క్షితిజం 4.6 కిలోమీటర్ల దూరాన ఉంటే చంద్రుడి మీద 2.4 కిలోమీటర్లే. కొండ ఎంత పెద్దదో తెలియదు కాబట్టి ఎంత దూరమో తెలియదు. ఆర్నెల్ల ముందు అపోలో 14లో షెపర్డ్, మిచెల్ కోన్ అనే గుంట అంచుకి బయల్దేరి, దాదాపు 30 మీటర్ల దూరంలోకి వెళ్ళి కూడా అంచు కనపడక వెనక్కి తిరిగారు. వాళ్ళ తప్పేమీ లేదు. కొలబద్ద ఏదీ లేని చోట కన్ను చేయగలిగింది అంతే.

రెండో చిక్కు వాలు. గురుత్వం భూమిలో ఆరో వంతే కదా, ఎక్కడం తేలికేగా అనిపిస్తుంది. కానీ కిందికి లాగే బరువూ తగ్గుతుంది, కాలు నేలను పట్టుకునే ఒత్తిడీ అదే పాళ్ళలో తగ్గుతుంది. అందుకే జారడం మొదలయ్యే కోణం పెద్దగా మారదు. ఆగస్టు 1న స్కాట్, ఇర్విన్ హేడ్లీ డెల్టా వాలు మీద మైదానం నుంచి వంద మీటర్ల దాకా పైకి వెళ్ళారు. అన్నిటికన్నా ఎత్తున ఆగిన చోట బండి చక్రం ఒకటి నేలను వదిలేసింది. బండి కిందికి జారిపోకుండా ఇర్విన్ దాన్ని పట్టుకుని నిలబడితే స్కాట్ అక్కడి ఆకుపచ్చ బండ నుంచి ముక్క తీసుకున్నాడు. భూమ్మీద 210 కిలోలు తూగే బండి అక్కడ 35 కిలోల బరువే అనిపిస్తుంది కాబట్టి ఒక మనిషి పట్టగలిగాడు. ఆ పచ్చదనం నాచు లాంటిదేమీ కాదు. 330 కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వతపు చిమ్ముళ్ళు చల్లబడిన సన్నటి గాజు గుళ్ళ రంగు అది.

అక్కడి నుంచి స్పర్ అనే గుంట దగ్గరికి వచ్చాక మట్టిగడ్డ మీద పీట వేసి కూర్చోబెట్టినట్టు ఒక తెల్లటి రాయి కనిపించింది. 269 గ్రాములు. నమూనా సంఖ్య 15415, జనం నోట జెనెసిస్ రాక్. దాదాపు మొత్తం ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్ అనే ఒకే ఖనిజంతో అయిన రాయి. అలాంటి రాయిని అనార్థొసైట్ అంటారు. చంద్రుడు పుట్టిన కొత్తలో పైపొరంతా కరిగిన శిలాద్రవమై ఉండేదనీ, అందులో ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న బరువు ఖనిజాలు మునిగి, తేలికైన ఫెల్డ్‌స్పార్ మీగడలా పైకి తేలి గడ్డకట్టిందనీ చెప్పే సిద్ధాంతానికి ఈ జాతి రాళ్ళే ఆధారం.

అనార్థొసైట్ చూడటానికి గంజాం జిల్లావాళ్ళు చంద్రుడి రాళ్ళు దాచిన అమెరికాలోని హ్యూస్టన్ దాకా పోనక్కర్లేదు. చిలికా చుట్టూ, రంభా, బాలుగావ్ ప్రాంతంలో ఉన్న లేత బూడిద రంగు గుట్టలు ఆ జాతివే. కొత్తగా విరిగిన ముఖం ఉన్న ముక్కను ఎండలో అటూఇటూ వంచండి. ఫెల్డ్‌స్పార్ చదునుగా చీలుతుంది, ఆ చదును మీద రూళ్ళకర్రతో గీసినట్టు సన్నటి సమాంతర గీతలు మెరుస్తాయి. అవి జంట స్ఫటికాల గుర్తులు. స్కాట్ కూడా తన రాయిని గుర్తుపట్టింది ఆ మెరుపుతోనే. పలుగురాయికి ఈ గీతలు ఉండవు, అది గాజుపెంకులా విరుగుతుంది. సున్నపురాయేమో అని అనుమానం వస్తే నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే సున్నపురాయే. ఒక తేడా మాత్రం మరవకూడదు. చిలికా రాతిలో సోడియం పాలు ఎక్కువ, చంద్రుడి రాతిలో దాదాపు అంతా కాల్షియమే. ఇస్రో చంద్రుడి మట్టికి నకలు తయారు చేసుకోవడానికి తమిళనాడులోని సిత్తంపూండి రాతిని తీసుకుంది. అందులో కాల్షియం బాగా ఎక్కువ.

వాన పడేచోట రాయి ఏమవుతుందో కొరాపుట్ కొండల తలల మీది బాక్సైట్, అంటే అల్యూమినియం ముడిఖనిజం, చెబుతుంది. అక్కడి పంచపట్మాలి కొండ మీద వాన లక్షల ఏళ్ళపాటు ఖోండలైట్ రాతిలోని మిగతా పదార్థాలను కడుక్కుపోయింది, అల్యూమినియం మిగిలింది. జెనెసిస్ రాక్‌లో కూడా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మూడో వంతుకు పైనే ఉంది. కడిగే వాన లేదు కాబట్టి అది సిలికాతో, కాల్షియంతో ముడిపడి రాతిలోనే ఉండిపోయింది.

ఇక చంద్రుడి కొండల మీది చారల సంగతి. అపోలో 15 తీసిన హేడ్లీ కొండల ఫోటోల్లో ఏటవాలు చారలు స్పష్టంగా కనిపించాయి. చూసినవాళ్ళు వాటిని రాతి పొరలనుకున్నారు. తర్వాత ప్రయోగశాలలో పొడి జల్లిన నమూనాల మీద పక్కవాటు వెలుగు వేసి చూస్తే అలాంటి చారలే పుట్టాయి, లోపల పొర ఏదీ లేకుండానే. ఈ ప్రయోగం ఇంట్లో చేయవచ్చు. నలిపిన కాగితం ఉండల్ని పళ్ళెంలో జానెడు ఎత్తు గుట్టగా పేర్చి తడిగుడ్డ కప్పండి. పిడికెడు జల్లించిన బూడిద కలిపిన ముగ్గుపిండిని సన్న జల్లెడతో, మూరెడు ఎత్తు నుంచి, గుడ్డ పూర్తిగా మాయమయ్యేదాకా జల్లండి. పిండి తడిస్తే ఉండలు కట్టి ఆట చెడుతుంది, అందుకని గుడ్డను గట్టిగా పిండి, మీద ఒక పొడి కాగితం పరవడం మంచిది. గది చీకటి చేసి, మీటరు దూరంలో 20 సెంటీమీటర్ల ఎత్తున టార్చి పెడితే వెలుగు 11 డిగ్రీల వాటున పడుతుంది. స్కాట్, ఇర్విన్ దిగిన పూట సూర్యుడు ఉన్నది కూడా దాదాపు 12 డిగ్రీల ఎత్తునే. ఫోటో తీయండి. టార్చిని గుట్ట చుట్టూ ఎనిమిదో వంతు తిప్పి మళ్ళీ తీయండి. వెలుగుతోపాటు తిరిగిన చార దొంగది. కదలకుండా ఉన్నది నిజమైన గట్టు. ఒకే వెలుగులో తీసిన ఒకే ఫోటోతో కొండ పొరల గురించి తీర్పు చెప్పకూడదని మేం గట్టిగా అనేది ఇందుకే.

ఆకాశంలో ఈ కొండను చూడాలంటే శుక్ల అష్టమి, నవమి రాత్రులు పనికొస్తాయి. అష్టమినాడు వెలుగూ చీకటీ కలిసే గీత చంద్రుడి నడిమధ్యన ఉంటుంది. హేడ్లీ ఆ గీతకు కాస్త తూర్పున (చంద్రుడి పటం లెక్కన, అంటే వెలుగున్న వైపు), ఎపెనైన్ కొండల వరసలో, ఉత్తర అర్ధభాగంలో ఉంటుంది. వరసను బైనాక్యులర్‌లోనే పట్టుకోవచ్చు. కొండను విడిగా చూడటానికి 80 మిల్లీమీటర్ల టెలిస్కోపు, వంద రెట్ల పెంపు చాలు. పక్కనే ఉన్న హేడ్లీ కాలువ (పాత లావా పారిన వంకర లోయ) వెడల్పు కిలోమీటరున్నరే, దానికి 150 మిల్లీమీటర్ల అద్దమూ కదలని గాలీ కావాలి. కదలని గాలి దొరకడమే కష్టం. పగలంతా కాగిన డాబా రాత్రి పది దాకా వేడి విడుస్తుంది, చంద్రుడు నీటి అడుగున రాయిలా ఊగుతాడు. మట్టినేల మీదికి దిగి, టెలిస్కోపును ముప్పావుగంట ముందే బయట పెట్టండి. గుణుపురం లాంటి వంశధార లోయ ఊళ్ళలో చలికాలం టెలిస్కోపు కటకానికి (లెన్సుకి) మంచు పడుతుంది, నల్ల అట్టతో గొట్టం చుట్టి ముందుకు పొడిగిస్తే తగ్గుతుంది. వెలుగును పక్కకు మళ్ళించే మూల అద్దం (డయాగొనల్) వాడితే బొమ్మ కుడిఎడమలు మారుతుంది, పటాన్ని అద్దంలో చూసి పోల్చుకోవాలి.

ఎత్తు లెక్క నీడతో తెలుస్తుంది. సూర్యుడు అక్కడ 10 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు కొండ నీడ 20 కిలోమీటర్లు ఉంటే, 0.176తో (10 డిగ్రీల టాంజెంట్) గుణించండి, 3.5 వస్తుంది. అక్కడ సూర్యుడు రోజుకి దాదాపు 11 డిగ్రీలు ఎక్కుతాడు, కాబట్టి ఒక రాత్రి జాగు చేస్తే నీడ సగానికి తగ్గుతుంది. ఏకాదశికి కొండ గుర్తుపట్టడమే కష్టం, పౌర్ణమికి వెలుగులో కలిసిపోతుంది. మళ్ళీ నీడ కావాలంటే బహుళ సప్తమి దాకా ఆగి తెల్లవారుజామున లేవాలి. అప్పుడది తూర్పుకి పడుతుంది.