మార్చిలో పూత ఎందుకు నిలవదు?

సంక్రాంతి వెళ్లాక విత్తిన ఆనప, బీర తీగలు మార్చి మొదట్లో పందిరి ఎక్కి పూతకొస్తాయి. మిద్దె తోటల వాళ్ల ప్రశ్నలు కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. పూలు విరగబూస్తున్నాయి, ఒక్క పిందె నిలవడం లేదు, ఏం వెయ్యాలి? జవాబులూ ఏటా అవే: బోరాన్ కొట్టండి, పుల్ల మజ్జిగ చల్లండి, అరటి తొక్కల నీళ్లు పొయ్యండి. బోరాన్ లోపం పూత రాల్చే మాట నిజమే. అయితే ఆ పోషకం విషయంలో చాలడానికీ ఎక్కువవడానికీ మధ్య తేడా చాలా తక్కువ. మోతాదు దాటితే ఆకుల అంచులు మాడిపోతాయి. అసలు చాలా కుండీల్లో కొరత ఎరువుది కాదు. పువ్వు విచ్చుకునే వేళ, రాత్రి వేడి, వేళ్ల దగ్గరి తడి, ఈ మూడూ చూసుకోకుండా ఏం పోసినా దండగే.

ముందు తీగజాతుల సంగతి. ఆనప, బీర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి సాధారణంగా ఒకే తీగకు మగ పూలు, ఆడ పూలు విడివిడిగా పూస్తాయి. మొదటి వారం పది రోజులు దాదాపు అన్నీ మగవే. అవి రాలిపోవాల్సినవే కాబట్టి కంగారు అక్కర్లేదు. ఆడ పువ్వును మొగ్గలోనే పోల్చుకోవచ్చు. రేకుల వెనక ఆనపకైతే నూగుతో బుల్లి ఆనపకాయ, కాకరకైతే బుడిపెలతో సహా బుల్లి కాకరకాయ కనిపిస్తుంది. పువ్వు వాడిన రెండు మూడు రోజుల్లో ఆ పిందె పసుపు తిరిగి, కొస నుంచి మెత్తబడి రాలిందంటే చాలాసార్లు అర్థం ఒక్కటే: దానికి పుప్పొడి అందలేదు.

ఎందుకు అందలేదో తెలియాలంటే గడియారం చూడాలి. ఆనప పువ్వు పొద్దువాలే వేళ విచ్చుకుంటుంది. తెల్లటి రేకులు రాత్రి తిరిగే, సీతాకోకచిలుకల్లాంటి చిమ్మటల (మాత్‌ల) కోసం. తేనెటీగలు అప్పటికే గూటికి చేరి ఉంటాయి, నాలుగో అంతస్తు మిద్దె మీదికి చిమ్మటలు వస్తాయన్న భరోసా లేదు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటే, దాని దగ్గరి చుట్టం నేతిబీర తెల్లవారుజామున విచ్చుకుంటుంది. పొట్లది రాత్రి వేళ. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే తెరుచుకుంటాయి, ఎండ ముదిరితే వాటి పుప్పొడి పనికిరాదు. పొద్దున్నే కాఫీ తాగి ఆనపకు చేత్తో పుప్పొడి అద్దేవాళ్లు అప్పటికే వాడిన పువ్వు మీద శ్రమపడుతున్నారు.

ఆనపకు సాయంత్రం 5 నుంచి 7 మధ్య ఈ పని చెయ్యాలి. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వును కాడతో కోసి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలోని కేసరాల ముద్దను వేలికి తాకించి చూడండి. వేలికి పసుపు పొడి అంటితేనే అది పనికొస్తుంది. ఆడ పువ్వు నడుమ మూడు తమ్మెలుగా చీలిన జిగురు భాగం ఉంటుంది. మూడు తమ్మెలకూ పుప్పొడి మెల్లగా రుద్దాలి. ఒక పక్కే అంటితే ఆ పక్క గింజలే కట్టి కాయ వంకర తిరగొచ్చు, నడుము సన్నబడొచ్చు. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోతుంది. పిందె పట్టిందా లేదా అన్నది మూడో రోజుకు తెలిసిపోతుంది. పట్టిన పిందె పచ్చగా నిగనిగలాడుతూ లావెక్కుతుంది.

ఆడ పూలే రాకపోతే కారణాలు వేరు. ఎండ వేడి, పొడవైన పగలు, మితిమీరిన నత్రజని, ఈ మూడూ మగ పూలను పెంచుతాయి. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో పెరట్లో ఆనప వేసే తెలుగువాళ్లకు జూన్ అంతా మగ పూలే కనబడడానికి అక్కడి 15 గంటల పగలు ఒక కారణం. ఇక్కడ మన చేతిలో ఉన్నది నత్రజని. ఆకులు మరీ పెద్దవిగా, ముదురాకుపచ్చగా పెరుగుతుంటే పశువుల ఎరువు, జీవామృతం (ఆవు పేడ, మూత్రం పులియబెట్టిన ద్రవం) కొన్నాళ్లు ఆపండి. ఆనపకు ఆడ పూలు పక్క కొమ్మల మీదే ఎక్కువ. అందుకే తీగ పందిరి ఎత్తుకు చేరగానే కొస తుంచాలి, పక్క కొమ్మలు 10-12 ఆకులు వేశాక వాటి కొసలూ తుంచాలి. మిద్దె తోటల వాళ్లు త్రీజీ కటింగ్ అనేది దీన్నే. అయితే 12 అంగుళాల సంచిలో పెంచే తీగకు ఈ కత్తిరింపు వల్ల ఆకు పెరగడం తప్ప లాభం తక్కువ. ఆనపకు కనీసం 18 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న టబ్బు కావాలి.

దొండకు ఈ అవస్థలేవీ లేవు. మనం కొమ్మ నాటి పెంచే రకాలు పుప్పొడి లేకుండానే కాస్తాయి. దాని తీరు చూసి ఆకాకరను ఒక్క మొక్క తెచ్చుకుంటే మాత్రం నిరాశే. ఆకాకరలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఏడెనిమిది ఆడ మొక్కలకు ఒక మగ మొక్కయినా ఉండాలి.

టమాటా కథ వేరు. ఒకే పువ్వులో రెండు భాగాలూ ఉంటాయి, పుప్పొడి రాలితే చాలు. కానీ ఆ పుప్పొడి వేడికి చాలా సుకుమారం. రాత్రి 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే కాయ బాగా నిలుస్తుంది. పగలు 35, రాత్రి 24 దాటడం మొదలయ్యాక పుప్పొడి చచ్చుబడి, కాడ మధ్యలోని కణుపు దగ్గర పసుపు తిరిగి పువ్వు రాలిపోతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ సగటు కనిష్ఠమే 24 దగ్గర ఉంటుంది, కోస్తాలో ఇంకా ఎక్కువ. కాబట్టి మార్చి దాకా పొద్దున 8-10 మధ్య పూగుత్తి వెనక కాడను వేలితో నాలుగైదు సార్లు తట్టండి, పుప్పొడి రాలుతుంది. మధ్యాహ్నం నుంచి 50 శాతం షేడ్ నెట్ నీడ ఇవ్వండి. ఏప్రిల్ మధ్యలో ఇంకా టమాటాతో కుస్తీ పట్టడం కన్నా ఆ కుండీలో బెండ, గోంగూర, గోరుచిక్కుడు వేసుకోవడం తెలివైన పని.

నల్ల గ్రో బ్యాగ్ నేరుగా శ్లాబు మీద ఉంటే వేళ్లు రెండు వైపుల నుంచీ ఉడుకుతాయి. ఇటుకల మీద ఎత్తి పెట్టి, ఎండ తగిలే వైపు పాత గోనె చుట్టి, మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు గానీ చెరకు పిప్పి గానీ పరచాలి. ఇంకో చిక్కు కుండీ మట్టిలో కలిపే కోకోపీట్‌ది, అంటే కొబ్బరి పొట్టుది. ఒకసారి పూర్తిగా ఎండితే అది నీటిని వెంటనే పీల్చుకోదు. పోసిన నీళ్లు కుండీ అంచు సందులోంచి జారి కింద నుంచి వచ్చేస్తాయి, చూసేవాళ్లు తడిసిందనుకుంటారు. కొంచెం పోసి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పోసి, వేలు రెండంగుళాలు గుచ్చి చూడాలి.

టమాటా అడుగు నల్లగా తోలులా అణిగిపోవడానికి మూలం చాలాసార్లు ఈ తడి హెచ్చుతగ్గులే. కాయకు కాల్షియం అందకపోవడం అసలు లోపం, కానీ అది మట్టిలో లేక కాదు. కాల్షియం నీటితో పాటే మొక్కలో పైకెక్కుతుంది. నీరు చాలనప్పుడు ఆకులు లాగేసుకుంటాయి, కాయకు మిగలదు. గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అవి అందవు.

మిరపలో ముడత చూసి మందు కొనే ముందు ఆకు ఎటు ముడుచుకుందో చూడండి. అంచులు పైకి లేచి పడవలా ఉంటే రసం పీల్చే తామర పురుగులు (త్రిప్స్). కిందికి వంగి కాడ సాగితే నల్లి (మంచం నల్లి కాదు, కంటికి ఆనని మైట్). తామర పురుగులకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ 32 దాటిన వేళ గంధకం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టొద్దు, తీగజాతుల మీద గంధకం అసలే వద్దు.

ఇన్నీ దాటి నిలిచిన బీర, కాకర పిందెల మీద పండు ఈగ కాచుకుని ఉంటుంది. తొక్క మీద సూది గుచ్చినంత రంధ్రం, దాని నుంచి కారి గట్టిపడిన జిగురు చుక్క, ఆ చోట వంకర. లోపల అప్పటికే పురుగు ఉంటుంది. క్యూ లూర్ అనే వాసన ఎర మగ ఈగలనే లాగుతుంది, గుడ్లు పెట్టే ఆడవి మిగిలిపోతాయి. అందుకే పువ్వు వాడిన రెండో రోజే పిందెకు పల్చటి గుడ్డ సంచి తొడిగి, మూతి కాడ దగ్గర వదులుగా కట్టాలి. పుచ్చిన కాయను కంపోస్టు డబ్బాలో వెయ్యకూడదు. పురుగు మట్టిలోకి దిగి కోశంగా మారి, పది రోజుల అటూ ఇటూగా ఈగై లేస్తుంది. అలాంటి కాయల్ని ప్లాస్టిక్ కవరులో వేసి, మూతి బిగించి, వారం రోజులు ఎండలో పడెయ్యాలి.